పది రూపాయల షేరు చవకని ఎవరన్నారు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మొన్న ఆదివారం మీ వాణిజ్యం పేజీలో "పది రూపాయల లోపే దొరికే షేర్లు" అని ఒక బాక్సు వేశారు. ఎడమ పక్క కంపెనీ పేర్లు, కుడి పక్క ధరలు, అంతే. ఆ ధర ఎందుకు అంత ఉందో, ఏం చూసి కొనాలో ఒక్క ముక్క లేదు. శీర్షిక పక్కన మాత్రం చిల్లర నాణేల బొమ్మ ముచ్చటగా వేశారు.

చిక్కడపల్లిలో మాది మ్యాచింగ్ సెంటర్. సోమవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి, మా దగ్గర ఫాల్, పికో కుట్టే అమ్మాయి ఆ బాక్సు కత్తిరించి పట్టుకొచ్చింది. "అక్కా, గీ ఫోన్ కంపెనీ షేరు ఏడు రూపాయలేనంట. ఐదొందలు పెడితే డెబ్బై వస్తయి. గా టైర్ల కంపెనీదైతే లక్ష దాటిందంట, మనసొంటోళ్లకు యాడ అందుతది? ఇదే చవక కదా?" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. మీరు ఇచ్చింది ధర ఒక్కటే. రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది.

బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించాను. లక్ష రూపాయల షేరంటే ఎంఆర్ఎఫ్. 2023 జూన్‌లో మొదటిసారి లక్ష దాటింది. ఆ కంపెనీకి ఉన్నవి మొత్తం 42 లక్షల 41 వేల చిల్లర షేర్లు. ఒక్కోటి లక్ష చొప్పున వేసుకుంటే కంపెనీ మొత్తానికి మార్కెట్ కట్టిన విలువ రమారమి 42,400 కోట్లు. ఏడు రూపాయల షేరని ఆ అమ్మాయి చూపించింది వొడాఫోన్ ఐడియా. 2025లో ప్రభుత్వం తనకు రావాల్సిన బకాయిలను షేర్లుగా మార్చుకున్నాక దానికున్న షేర్లు పది వేల కోట్లు దాటాయి. పొరపాటున రాయలేదు, పది వేల కోట్లే. సుమారు 10,834 కోట్ల షేర్లు, ఒక్కోటి ఏడు రూపాయలు అనుకుంటే దాదాపు 75,800 కోట్లు. అంటే "అందని" కంపెనీ కంటే "చవక" కంపెనీకే మార్కెట్ ఎక్కువ విలువ కట్టినట్టు! అమ్మాయి ఆ సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

మా కొట్టుకొచ్చి జాకెట్ ముక్క ఎంత అని అడిగినవాళ్లు ధర వినేసి డబ్బులు తీయరు. మీటరా, ఎనభై సెంటీమీటర్లా అని అడుగుతారు, రంగు దిగుతుందా అని అడుగుతారు, అప్పుడు బేరం మొదలవుతుంది. మీ పట్టికలో ముక్క ధర ఉంది కానీ అది ఎన్ని సెంటీమీటర్లో లేదు. నా గొడవంతా అదే. షేరు ధర ఒక్కటే వేసి ఊరుకుంటే అది సగం వార్త కూడా కాదు.

నేను నిపుణురాలిని కాను. ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో చెప్పను. డబ్బు తీసుకుని ఆ మాట చెప్పాలంటే షేర్ల బజారును అదుపు చేసే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. నాకో డీమ్యాట్ ఖాతా (షేర్లు దాచుకునే ఖాతా) ఉంది, నాలుగైదు కంపెనీల షేర్లున్నాయి. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డప్పుడు మీ పేజీ, ఫోను పక్కపక్కన పెట్టుకుని చూడటం అలవాటు. మా నాన్న కాలంలో హైదరాబాద్‌కు సొంత స్టాక్ ఎక్స్ఛేంజీ ఉండేది. 1943లో మొదలై 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. అప్పట్లో పత్రికల్లో నలుసంత అక్షరాలతో పేజీ నిండా కొటేషన్లు వచ్చేవి. మొదలైన ధర, పైధర, కిందిధర, ముగింపు, పక్కన బ్రాకెట్లో ముందు రోజు ముగింపు. నాన్న ఆఫీసు నుంచి వచ్చి కళ్లద్దాలు తుడుచుకుని ఆ పేజీ పరుచుకుని కూర్చునేవారు. అప్పుడు షేర్లు కొనేవాళ్లు వీధికి ఒక్కరుంటే గొప్ప. ఇప్పుడు మా సందులో కూరగాయల బండి అతను కూడా ఫోన్లో రేటు చూస్తున్నాడు. చూసేవాళ్లు ఇంతమంది అయ్యాక, మీ పట్టికేమో రెండు నిలువు గీతలకు కుదించుకుపోయింది.

ఇప్పుడు ముఖ విలువ సంగతి, అంటే షేరు మీద కంపెనీ రాసుకున్న విలువ, బజారు ధర కాదు. దీన్ని మీరు బొత్తిగా వదిలేస్తారు. దానివల్ల జరిగే తమాషా డివిడెండ్ (లాభంలోంచి షేరుదార్లకు పంచే డబ్బు) వార్తల్లో చూడాలి. "800 శాతం డివిడెండ్" అని పెద్దక్షరాలతో వేస్తారు. మా కస్టమర్ ఒకావిడ, చదువుకున్న మనిషే, లక్ష పెడితే ఎనిమిది లక్షలు వస్తాయా అని నన్నే అడిగారు. మన ఊరి డాక్టర్ రెడ్డీస్‌నే తీసుకోండి. 2024లో షేరుకు 40 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. అప్పుడు దాని ముఖ విలువ 5 రూపాయలు. ఐదుకు నలభై అంటే 800 శాతమే, లెక్క తప్పు కాదు. కానీ ఆ షేరు బజారులో ఆరు వేల ఐదొందల పైన ఉంది. ఆ ధర పెట్టి కొన్నవాడికి నలభై అంటే నూటికి రూపాయి కూడా కాదు, అరవై పైసలు. మీరు శాతం వేసేబదులు "షేరుకు 40 రూపాయలు, ముందు రోజు ధర ఇంత" అని రాస్తే అరక్షణంలో అందరికీ అర్థమవుతుంది. శాతం వేయడం కంపెనీ ప్రకటనకు బాగుంటుంది, పత్రికకు బాగుండదు.

అదే కంపెనీ 2024 అక్టోబరు చివర్లో 5 రూపాయల షేరును రూపాయి చొప్పున ఐదు ముక్కలు చేసింది, దీన్నే స్ప్లిట్ అంటారు. ఆరు వేల పైన ఉన్న ధర మర్నాటికి పదమూడొందల దాపుల్లోకి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే మాసాబ్ ట్యాంక్‌లో ఆఫీసున్న ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్ఎండీసీ ఒక షేరుకు రెండు చొప్పున ఉచితంగా బోనస్ షేర్లు ఇచ్చింది. రెండొందల పైచిలుకు ఉన్న ధర డెబ్బై దగ్గరికి దిగింది. మా పై అంతస్తులో ఉండే పెద్దాయనకు ఆ షేర్లున్నాయి. రిటైరై ఇంట్లోనే ఉంటారు, బీపీ మనిషి. పొద్దున తొమ్మిదింబావుకు ఫోను చూసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చారు. "అమ్మా, ఒక్క రాత్రిలో మూడింట రెండొంతులు పోయింది, ఏం జరిగింది?" అని. నేను కుర్చీ వేసి, నీళ్లిచ్చి, బోనస్ సంగతి చెప్పాను. మూడు షేర్లయ్యాయి కాబట్టి ఒక్కోదాని ధర మూడో వంతుకు వచ్చింది, మీ డబ్బెక్కడికీ పోలేదు అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణముంది. ధర ఆ పొద్దుటే తగ్గింది, కొత్త షేర్లు మాత్రం ఖాతాలో ఇంకా పడలేదు. అవి పడేదాకా యాప్‌లో ఆయన లెక్క ఎర్రగానే కనిపిస్తుంది. ఆ రెండు మూడు రోజులు ఆయన టెన్షన్ చూడాలి. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నాకు ఒట్టు కూడా పెట్టారు. మీ పట్టికలో ఆ పేరు పక్కన ఒక చుక్క పెట్టి, కింద "బోనస్ తర్వాతి ధర" అని మూడు మాటలు వేసి ఉంటే పత్రిక మీద గురి ఉన్న మనిషి కాబట్టి ఇట్టే నమ్మేవారు.

పెరిగింది, తగ్గింది అనే లెక్క దేనితో పోల్చి వేస్తారన్నది చాలామందికి తెలియదు. పొద్దున మొదలైన ధరతో అనుకుంటారు. కాదు, ముందు రోజు ముగింపుతో. అందుకే ఒక షేరు పొద్దున వంద దగ్గర మొదలై సాయంత్రానికి నూట రెండుకు వచ్చినా, నిన్నటి ముగింపు నూట ఐదైతే మీ పట్టికలో కింది బాణమే ఉంటుంది. తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా ముందస్తు ఆర్డర్లు తీసుకుని మొదటి ధర తేలుస్తారు. రాత్రి జరిగిన వార్తలన్నీ అక్కడే ధరలో కలిసిపోతాయి. ముగింపు ధరది మరో కథ. మూడున్నరకు జరిగిన ఆఖరి బేరమే ముగింపు అనుకుంటాం కానీ, ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రకారం చివరి అరగంటలో జరిగిన బేరాల సగటు అది. ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకు ఎక్కువ బరువు ఇస్తారు. ఫోన్లో ఎల్‌టీపీ అని కనిపించేది ఆఖరి బేరం. మీ పేపర్లో ధరకు, ఫోన్లో ధరకు కొన్ని పైసలో రూపాయలో తేడా ఉందని మీకు ఉత్తరాలు వస్తుంటాయి కదా, సగం వాటికి జవాబు ఇదే. మిగతా సగానికి జవాబు మీరు వేసేది బీఎస్ఈ అనే ఎక్స్ఛేంజీ ధర, వాళ్లు చూసేది ఎన్ఎస్ఈ అనే మరో ఎక్స్ఛేంజీ ధర అవడం. ఏ ఎక్స్ఛేంజీదో పట్టిక పైన ఒక్క మాట వేస్తే పోయేదానికి ఇన్ని ఉత్తరాలు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మీరు ఎప్పుడూ వేయనిది: ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయి అనే అంకె. మాకు జాకెట్లు కుట్టిచ్చే మాస్టారు ఒకాయన ఎవరో చెప్పిన టిప్పు పట్టుకుని ఒక చిన్న కంపెనీ షేరు మూడొందలు కొన్నారు. పేరు రాయను. ఫోన్లో ధర 48 రూపాయల 50 పైసలు. మార్కెట్ ఆర్డర్, అంటే ఎంతకు దొరికితే అంతకు కొనెయ్యి అని, నొక్కేశారు. కొన్నాక చూస్తే సగటు ధర 51 రూపాయల 50 పైసలు పడింది. యాప్ మోసం చేసిందని మండిపడుతూ నా దగ్గరికి వచ్చారు. ఆయన కొనేముందు, ఎంతవుతుందో చూడమని స్క్రీన్ ఫొటో తీసి కొడుక్కి పంపారట. అది తెరిచి ఇద్దరం చూశాం. ధర కింద చిన్న పట్టిక ఉంటుంది, అందులో ఎడమ పక్క కొంటామనేవాళ్లు, కుడి పక్క అమ్ముతామనేవాళ్లు. అమ్మేవాళ్ల వరసలో 49.90కి 50 షేర్లున్నాయి. దాని కింద 50.50కి 30 ఉన్నాయి. ఆ కిందది ఏకంగా 52 రూపాయలకు, అక్కడ 500 ఉన్నాయి. మాస్టారికి కావాల్సినవి మూడొందలు. కాబట్టి 49.90కి ఉన్న యాభై, 50.50కి ఉన్న ముప్పై అయిపోయాక మిగతా 220 షేర్లు 52 చొప్పునే వచ్చాయి. మొత్తం 15,450 రూపాయలు, మూడొందలతో భాగిస్తే 51.50. ఎవరూ మోసం చేయలేదు. 48.50 అన్నది అంతకుముందు ఎప్పుడో ఎవరో చేసిన బేరం. ఆ ధరకు ఇప్పుడు అమ్మేవాడు లేడు. తొమ్మిదొందలు ఎక్కువ పెట్టారు మాస్టారు, ఎన్ని జాకెట్ల కూలో మీరే లెక్క వేసుకోండి. లిమిట్ ఆర్డర్ పెట్టి, నేను ఇంతకంటే ఎక్కువ ఇవ్వను అని ధర రాసుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. రోజుకు లక్షల్లో చేతులు మారే పెద్ద కంపెనీలో అయితే ఆ వరసల మధ్య తేడా ఐదు పైసలో పది పైసలో ఉంటుంది, మార్కెట్ ఆర్డర్ నొక్కినా పెద్దగా తెలియదు. ఎన్ని షేర్లు చేతులు మారాయన్న అంకె పేపర్లో ఉంటే ఏ షేరు ఏ రకమో ముందే తెలిసేది.

సర్క్యూట్ సంగతీ దీని పక్కదే. చాలా షేర్లకు రోజుకు ఇంతే పెరగాలి, ఇంతే తగ్గాలి అని 2, 5, 10, 20 శాతాల్లో హద్దు ఉంటుంది. హద్దుకు తగిలితే సర్క్యూట్ పడింది అంటాం. మీరు "వరుసగా అప్పర్ సర్క్యూట్ కొడుతున్న షేరు" అని వార్త రాస్తారు. చదివినవాడికి నోరూరుతుంది. ఆ షేరు కోట్, అంటే దాని ధరల పట్టిక, తెరిస్తే ఏముంటుంది? కొనేవాళ్ల వైపు లక్షల ఆర్డర్లు, అమ్మేవాళ్ల వైపు సున్నా. దొరకని వస్తువు ధర అది. గాలి తిరిగిన రోజున అదే షేరు లోయర్ సర్క్యూట్లో ఉంటుంది. అప్పుడు కొనేవాళ్ల వైపు సున్నా, అమ్ముదామన్నా దారి ఉండదు. పేపర్లో పెరిగిందని రాసినప్పుడు ఎన్ని షేర్ల మీద పెరిగిందో కూడా రాయాలి కదండీ. కొన్ని షేర్ల పేరు పక్కన మామూలుగా ఉండే ఈక్యూ బదులు బీఈ అని ఉంటుంది. వాటిని పొద్దున కొని సాయంత్రం అమ్మడానికి లేదు, ప్రతి బేరమూ డెలివరీ తీసుకోవాల్సిందే. ఎక్స్ఛేంజీ ఏదో అనుమానంతో కన్నేసి ఉంచిన షేర్లు కూడా వాటిలో ఉంటాయి. ఆ రెండు అక్షరాలు వేయడానికి ఎంత చోటు పడుతుంది?

ఏడాది కనిష్ఠం గురించి పొడుగ్గా రాయను. "52 వారాల కనిష్ఠానికి దిగింది, ఇంకెక్కడికి పడుతుంది" అని మా సందు చివర కిరాణా కొట్టాయన అంటుంటాడు. ఎక్కడికైనా పడుతుంది. రేపు ఇంకో కొత్త కనిష్ఠం రాస్తారు, అంతే.

పీఈ అనే అంకెకు మాత్రం హైదరాబాద్‌వాళ్లం కొంచెం జాగ్రత్తగా ఉండాలి, మనకు అనుభవం ఉంది. షేరు ధరను ఏడాదికి షేరు ఒక్కింటికి వచ్చిన లాభంతో భాగిస్తే వచ్చేది పీఈ. పీఈ ఇరవై అంటే, లాభం ఇలాగే ఉంటే పెట్టిన డబ్బుకు సమానంగా లాభం పోగవడానికి ఇరవై ఏళ్లు అని అర్థం చెప్పుకోవచ్చు. తక్కువుంటే చవక, ఎక్కువుంటే ప్రియం అని యాప్‌లు ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూస్తాయి. కానీ ఆ భాగహారంలో కింద ఉండే లాభం అంకెను ఇచ్చేది కంపెనీయే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం గుర్తుంది కదా. బ్యాంకుల్లో ఉందని చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. అంతకు ముందు రోజు 180 దాపుల్లో ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గర నిలిచింది. ముందు రోజు కోట్ తెరిచి పీఈ చూసినవాడికి అందులో దొంగ లెక్క కనిపించేదా? ధర నిజమే, భాగహారం నిజమే, కింద అంకె అబద్ధం. కోట్ చదవడం నేర్చుకున్నంత మాత్రాన కంపెనీని చదివినట్టు కాదని ఆ అమ్మాయికి కూడా చెప్పాను. ఇంకొకటి, భూమి అమ్ముకున్న సంవత్సరం ఏ కంపెనీకైనా లాభం అమాంతం పెరిగి పీఈ చిన్నదై కనిపిస్తుంది. మరుసటి ఏడాది అమ్మడానికి ఆ భూమి ఉండదు.

మీ మొదటి పేజీ శీర్షికల మీద ఒక ఫిర్యాదు. 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, బీఎస్ఈ సూచీ సెన్సెక్స్ దాదాపు 4,390 పాయింట్లు పడింది. ఎర్ర అక్షరాలతో "కనీవినీ ఎరుగని పతనం" తరహాలోనే అన్నిచోట్లా వచ్చింది. శాతం చూస్తే 5.74. 2020 మార్చి 23న పడింది 3,935 పాయింట్లే, కానీ శాతం 13.15. అసలు 1992 ఏప్రిల్ 28న 570 పాయింట్లు పడితే అది పన్నెండున్నర శాతం పైన. ఆ రోజు బజారులో ఉన్నవాళ్లకు 570 అంటే ఇప్పటికీ గుండె దడే. సూచీ పెరిగేకొద్దీ ఒక్కో పాయింటు చిన్నదవుతుంది. శాతం ముందు వేసి పాయింట్లు తర్వాత వేయడానికి మీకేం అడ్డమో నాకు అర్థం కాదు. "మదుపరుల సంపద ఇన్ని లక్షల కోట్లు ఆవిరి" అన్న శీర్షిక కూడా అలాంటిదే. అమ్మనివాడి లెక్కలో అంకె మారుతుంది, ఎవరి జేబులోంచీ నోట్లు ఎగిరిపోవు. మర్నాడు పెరిగితే ఆ ఆవిరి మళ్లీ నీళ్లయినట్టు మీరు ఎప్పుడూ అంత పెద్దక్షరాలతో వేయరు.

చివరగా ఒక విషయం, ఇది ఎక్కువమందికి పనికొస్తుంది. కూకట్‌పల్లిలో ఉండే మా ఆడపడుచు తోటికోడల్ని ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. వాళ్లు పంపిన లింకుతో ఏదో యాప్ దింపించి, యాభై వేలు వేయించారు. వారం తిరగకుండా అందులో డెబ్బై రెండు వేలు కనిపిస్తున్నాయి. ఆవిడ సంబరంగా ఇంకో రెండు లక్షలు వేయబోతూ నాకు చూపించింది. ఒక పేరున్న పెద్ద కంపెనీ షేరును ఫలానా రోజు ఫలానా ధరకు అమ్మి లాభం తెచ్చినట్టు రాసుంది. నేను ఎన్ఎస్ఈ వెబ్‌సైటులో ఆ రోజు కోట్ తీశాను. ఆ రోజు పైధర, అంటే ఆ రోజంతా జరిగిన బేరాల్లో అతి ఎక్కువది, వాళ్లు అమ్మామన్న ధర కంటే పాతిక రూపాయలు తక్కువ. బజారులో ఎవరికీ రాని ధర వీళ్లకెలా వచ్చింది? బీఎస్ఈ కూడా చూశాం, అక్కడా అంతే. ఆవిడ పేరు మీద డీమ్యాట్‌లో షేరు పడినట్టు, ఆ ఖాతాలు చూసే డిపాజిటరీ నుంచి ఒక్క మెసేజీ కూడా రాలేదు. అక్కడే కూర్చుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించాను. యాభై వేలు తిరిగి వస్తాయో రావో కానీ రెండు లక్షలు మిగిలాయి. చూసింది ఒకే ఒక్క గడి, ఆ రోజు పైధర. దాన్ని మీరు మీ పట్టికలోంచి ఎప్పుడో తీసేశారు.

పేజీలో చోటు లేదంటారని నాకు తెలుసు. రోజూ రెండొందల కంపెనీల పేర్లు వేసేబదులు యాభై వేయండి, ఫరవాలేదు. కానీ ఆ యాభైకీ ముందు రోజు ముగింపు, పైధర, కిందిధర, మార్పు శాతంలో, చేతులు మారిన షేర్లు, ముఖ విలువ, కంపెనీ మొత్తం విలువ కోట్లలో వేయండి. ఏ ఎక్స్ఛేంజీ ధరో పైన రాయండి. చౌక షేర్ల బాక్సులు వేయక తప్పదంటే ఒక్కో కంపెనీకి ఎన్ని షేర్లున్నాయో పక్కన వేయండి, నాణేల బొమ్మ తీసేసినా చాలు, చోటు వస్తుంది. ఆదివారం పేజీలో రాశిఫలాల పక్కన వెడల్పాటి ఖాళీ ఉంటోంది, నేను చూస్తూనే ఉన్నాను. వచ్చే వారంలో ఏ కంపెనీ ఏ తేదీన బోనస్ ఇస్తోంది, ఏది స్ప్లిట్ అవుతోంది, దేనికి డివిడెండ్ రికార్డు తేదీ (ఎవరికి ఇవ్వాలో తేల్చే తేదీ) అన్నది అందులో వేస్తే మా పై అంతస్తు పెద్దాయన లాంటివాళ్లు ముందే చూసుకుంటారు. అక్షరాలు మాత్రం మరీ నలుసంత వద్దు. ఆయనకు శుక్లాల ఆపరేషన్ ఇంకా కాలేదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
చిక్కడపల్లి, హైదరాబాద్